సర్జా వెనక కాళ్లు

ఎండలు ముదురుతున్న రోజులు. పొద్దున్నే మిరపకాయలు ఆరబోద్దామని మిద్దె ఎక్కాను. అక్కడ ఓంప్రకాశ్ రెండు చేతులూ రెండు కాళ్లూ నేలకు ఆనించి, నడుం పైకెత్తి, ఈ గోడ నుంచి ఆ గోడకు మెల్లగా నడుస్తున్నాడు. అతని ఫోన్ ఒక ఇటుకకు ఆనుకుని అతన్నే చూస్తోంది.

“ఏం ఎతుకుతున్నవ్ బిడ్డా?”

“ఏం లే పెద్దవ్వా. నడుస్తున్న.”

“రెండు కాళ్లు సాల్తలేవా నీకు?”

అతను లేచి చేతులు దులుపుకుని సిగ్గుపడ్డాడు. “ఎద్దు నడక పెద్దవ్వా. కంపెనీల ఎద్దును చెయ్యమన్నరు. మొదలు ఎనక కాలు లేస్తదా, ముందలి కాలు లేస్తదా అని సూస్తున్న.”

“బోథ్ దిక్కు పుట్టి పెరిగినోనివి. ఎద్దు ఎట్ల నడుస్తదో నీకు తెల్వదా?”

“దాని మొఖం సూసిన గని కాళ్లు ఎన్నడు సూడలే.”

అప్పటికే ఎదురింటి రామవ్వ తన మిద్దె మీద నుంచి అంతా చూసింది. “ఏమే దేవక్కా, నీ కిరాయి పిలగానికి ఏం పట్టిందే? జర ధర్మపురి తీస్కపోయి నర్సన్న దర్శనం చేపియ్యి” అని గట్టిగా అంది. నవ్వుకుంటూ మిరపకాయలు పరిచాను. కానీ అతను చెప్పిన మాట నా కడుపులో ఉండిపోయింది. పూర్తిగా తెలుసుకోకుండా నాకు ఆ పూట అన్నం సహించదు.

ఓంప్రకాశ్‌కు ముప్పై ఒకటి. పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద బొమ్మలకు ప్రాణం పోసే పని నేర్చుకుని, అక్కడే ఒక కంపెనీలో కొలువు చేశాడు. తల్లి అతని చిన్నప్పుడే పోయింది. తండ్రి సదానందం బోథ్‌లో పత్తి రైతు, అరవై దాటాయి. ఆయన మూత్రపిండాలు రెండూ పాడయ్యాయి. మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్ జరగాలి. అటు తండ్రిని దవాఖానకు తీసుకుపోవడానికీ, ఇటు అవసరమైతే రైలెక్కి హైదరాబాద్ పోయి రావడానికీ అనువుగా ఉంటుందని మంచిర్యాల వచ్చి మా వెనక రెండు గదుల్లో దిగారు. ఓంప్రకాశ్ ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేస్తాడు, వంట చేస్తాడు, తండ్రికి కొలిచి నీళ్లిస్తాడు. ఇంత చేసే కొడుకుతో ఆ తండ్రి మాట్లాడడు.

ఇది నేను వాళ్లు వచ్చిన మూడో రోజే పసిగట్టాను. ముగ్గురం ఒకే గదిలో ఉన్నాం. సదానందం నావైపు తిరిగి, “అక్కా, వానికి చెప్పు. బీపీ గోలీలు ఒడిసినయ్” అన్నాడు. కొడుకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. “చెప్పుడెందుకు తమ్మీ, ఇంటుండు గద” అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఓంప్రకాశ్ చెప్పులేసుకుని మందుల దుకాణానికి పోయాడు. రెండేళ్ల నుంచీ అంతేనట. అటు కబురు ఇటు, ఇటు కబురు అటు మోసే పని నా నెత్తిన పడింది. నాకు అది బరువు కాలేదు కానీ, కొడుకు “బాపూ” అని పిలిచిన ప్రతిసారీ జవాబు కోసం ఒక్క క్షణం ఆగేవాడు. ఆ ఆగడం చూడలేకపోయేదాన్ని.

మిద్దె మీద చూసిన రోజు మధ్యాహ్నమే అతని గదికి పోయాను. తలుపు తీసే ఉంది, తీసి ఉన్న తలుపు ముందు ఆగకుండా పోవడం నాకు రాదు. కంప్యూటర్‌లో బూడిద రంగు ఎద్దు నిలబడి ఉంది. అతను ఏదో నొక్కితే చర్మం మాయమై లోపల ఎముకలు కనిపించాయి. ఒక్కొక్క కీలు దగ్గర ఒక్కొక్క రంగు కడియం. కడియాన్ని పట్టి లాగితే కాలు వంగుతుంది. ఒక్క సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు కావాలట.

“అన్నీ నువ్వే చేస్తవా?”

“లే పెద్దవ్వా. కాలు నేలకానిన కాడ ఒకటి, లేసిన కాడ ఒకటి, దాటిన కాడ ఒకటి. గివి నేను పెడ్త. నడిమిట్లయి మిషనే నింపుకుంటది.”

“అది తప్పు నింపితే?”

“నేను తప్పు పెడితెనే అది తప్పు నింపుతది.”

ఎద్దు నడవడం మొదలుపెట్టింది. నడుస్తూనే ఉంది, ఉన్నచోటనే ఉంది. “ఎటూ పోదేందిరా?” అన్నాను.

“నాలుగు కాళ్లు ఒక్క సుట్టు సక్కగొస్తె సాలు. అదే మల్ల మల్ల తిరుగుతది. బాట, ఊరు, చెట్లు వేరేటోళ్లు పెడ్తరు.”

పిల్లల సీరియల్ కోసమట ఆ ఎద్దు. ఇతని నడక నచ్చితే సీరియల్ అంతా ఆ ఎద్దును ఇతనే నడిపిస్తాడు.

తండ్రి ఎందుకు మాట్లాడడో కొడుకును అడిగితే “నేనే తప్పు చేసిన” అని ఊరుకున్నాడు. తండ్రిని అడగడానికి మంచి సమయం కోసం చూశాను. ఒక ఆదివారం సదానందం వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుని అనపకాయలు ఒలుస్తూ అడిగేశాను.

“ఎడ్లను అమ్మిండు” అన్నాడు ఆయన.

“మేపెటోళ్లు లేకపోతే అమ్మరా మరి? నువ్వు నెల దినాలు దవాఖాన్ల ఉంటివి.”

“అమ్మితె అమ్మనియ్యి. నేను వద్దన్ననా? జోడి ఇరగ్గొట్టిండక్కా. ఒకదాన్ని ఒకనికి, ఇంకోదాన్ని ఇంకొకనికి ఇచ్చిండు.”

అనపకాయలు పక్కన పెట్టాను. ఆయన మెల్లగా చెప్పాడు. మోత్యా, సర్జా. చిన్న కోడెలుగా తెచ్చి పదకొండేళ్లు దున్నాడు. మోత్యా దాపట, అంటే ఎడమ పక్క. సర్జా ఎలపట, కుడి పక్క. కాడి కింద అంతే, నీళ్లకు పోతే అంతే, కొట్టంలో కట్టేసినా అంతే. మరిచిపోయి అటుదిటు కడితే పొద్దున దాకా రెండూ పండుకునేవి కావు. ఎడ్ల పండుగ పొలాల అమావాస్యకు ముందు రోజు కాడి మోసి కాయలు కాసిన మెడలకు వెన్న, పసుపు రాస్తారు కదా, సర్జాకు రాసేదాకా మోత్యా మెడ వంచేది కాదట. ఆ పండుగ ఇంకా తొమ్మిది రోజులుందనగా పశువుల అంగడిలో రెండూ విడిపోయాయి. మోత్యాను గోదావరి దిక్కు మనిషి కొన్నాడు. సర్జాను రాష్ట్రం దాటి, కిన్వట్ దిక్కు పెన్‌గంగ అవతలి రైతు తోలుకుపోయాడు.

“ఇంటికొచ్చి, రెండు ఒక్కలకే ఇచ్చినవారా అని అడిగిన. లే బాపూ అన్నడు. ఇంగ నాకు వానితోని మాటెక్కడిది?”

తర్వాత ఓంప్రకాశ్‌ను నిలదీశాను. “కొననొచ్చినాయన ఒక్కటే సాలన్నడు పెద్దవ్వా. రెండోదానికి ఎంటనే ఇంకో మనిషి దొరికిండు. నేనింత సంబురపడ్డ” అన్నాడు. “కుర్చీలు అమ్మినట్టు అమ్మిన.”

పది రోజులు కష్టపడి ఎద్దు నడకను కంపెనీకి పంపాడు. మర్నాడే అక్కడి పెద్దసారు కంప్యూటర్‌లో కనిపించి మాట్లాడుతుంటే నేను గుమ్మంలోనే ఉన్నాను. నడక బాగుంది కానీ ఎద్దు కుడివైపు ఒరుగుతోందన్నాడు ఆయన. తల కూడా అటే తిరిగి ఉందట, ఎప్పుడు కిందపడుతుందో అన్నట్టుందట.

“ఎద్దు గట్లనే నడుస్తది సార్” అన్నాడు ఓంప్రకాశ్.

“ఏ ఎద్దయ్యా అలా నడిచేది?”

సారు పోయాక ఓంప్రకాశ్ ఎక్కడెక్కడివో ఎడ్ల వీడియోలు తీసి చూశాడు. ఒంటరిగా పోయే ఎద్దు ఏదీ ఒరగడం లేదు. అన్నీ నిటారుగా, ముక్కు నేరుగా పెట్టి పోతున్నాయి. అతను నవ్వడం మొదలుపెట్టాడు. “నేను ఎద్దు ఒక్కటే నడవంగ ఎన్నడు సూడలే పెద్దవ్వా. నేను చేసింది మోత్యాను. పక్కన సర్జా ఉన్నడని ఒరుగుతుంది ఇది” అన్నాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎద్దు తెర మీద ఒరిగి నడుస్తూనే ఉంది. కుడివైపు ఏమీ లేదు.

నేను ఊరుకోలేదు. ఊరుకుని ఉండాల్సిందేమో. “ఆ డబ్బా తీసుకుని వాకిట్లకు రా” అన్నాను. అతను వద్దన్నాడు. నేనే ఆ కంప్యూటర్‌ను ఎత్తబోతే, కింద పడేస్తానని భయపడి తానే తెచ్చాడు. సదానందం ముందు ముక్కాలి పీట వేసి దాని మీద పెట్టాను.

“తమ్మీ, జర ఇది సూడు.”

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. “మోత్యా” అన్నాడు, తనలో తానే అనుకున్నట్టు. ఎద్దు అడుగేస్తోంది, ఒరుగుతోంది, అడుగేస్తోంది. ఆయన తల ఎత్తి, నావైపు కాదు, కొడుకువైపు చూశాడు.

“దీని పక్కది ఏదిరా?”

రెండేళ్ల తర్వాత తండ్రి నోటి నుంచి వచ్చిన మాట అది. ఓంప్రకాశ్ ఏం చెబుతాడు? అంగడిలో చేసిన పనినే మళ్లీ తెచ్చి తండ్రి ముందు పెట్టినట్టయింది. కంప్యూటర్ మూసి లోపలికి పోయాడు. నా మీద నాకే కోపం వచ్చింది.

మర్నాడు సాయంత్రం తనంత తానే మళ్లీ తెచ్చాడు. మోత్యా పక్కన ఇంకో ఎద్దు, నల్ల మచ్చలతో, ఎడమవైపు ఒరుగుతూ నడుస్తోంది. సదానందం రెండు క్షణాలు కూడా చూడలేదు.

“ఇది సర్జా కాదు. మోత్యానే తిప్పి పెట్టినవ్. రంగేస్తె నాకు తెల్వదనుకున్నవా?”

నిజమే. ఓంప్రకాశ్ మోత్యానే అద్దంలో చూసినట్టు తిప్పి మచ్చలు వేశాడు. ఆ పని రెండు నిమిషాల్లో అవుతుందట.

“పదకొండేండ్లు ఇంట్ల ఉన్నది. నువ్వేం సూసినవ్రా?”

“సెలవులకే వచ్చెటోన్ని గద బాపూ.”

“సెలవులకొస్తె కండ్లు సంచిల పెట్టుకొచ్చెటోనివా?”

తిట్టే అయినా, తిట్టు నేరుగా కొడుకుకే పోయింది. ఆ రోజుతో కబుర్లు మోసే నా కొలువు ఊడింది.

తర్వాతి మూడు వారాలు వాళ్లిద్దరి మధ్య ఎద్దు తప్ప ఇంకో మాట లేదు. కంపెనీకి ఎద్దును నిటారుగా నిలబెట్టి పంపేశాడు. అది వాళ్లకు నచ్చింది, పనీ దొరికింది. జోడి మాత్రం ఎవరూ అడగనిది. డయాలసిస్ లేని రోజుల్లో పొద్దున్నే వాకిట్లో మంచం, పీట, కంప్యూటర్. సదానందం మంచం పట్టె మీద రెండు చేతులూ పెట్టి ముందు కాళ్లుగా నడిపించి చూపేవాడు.

“సర్జా సాలు పట్టి నడిచే ఎద్దు. దున్నేటప్పుడు ముందటి సాలుల దాని కాలు పడాలె. గందుకని కాలు కిందికి తెస్తది, ఎంటనే ఆనియ్యది. జరంత ఆగుతది. నేల ఉన్నదా అని ఎతుకుతది. దొరికినంకనే బరువు పెడ్తది.” ఆయన అరచేయి పట్టె మీద వెంట్రుకవాసి ఎత్తున ఆగి, తర్వాత కూర్చునేది.

ఓంప్రకాశ్ ఆ చేతిని ఫోన్‌లో పట్టి లెక్కపెట్టాడు. “మూడు బొమ్మలంత సేపు ఆగుతుంది బాపూ.”

“మూడో ముప్పయో నాకు తెల్వది. సూపియ్యి.” చూపిస్తే పెదవి విరిచాడు. “జర ఎక్కువైంది. బయపడ్తున్నట్టుంది. సర్జాకు బయం లేదు. అనుమానం, గంతె.”

కొడుకు మూడును రెండు చేశాడు. మెడ దించాడు. కాడి లేకపోయినా ఉన్నట్టు భుజం అణిచాడు. ఒకరోజు సదానందం ముందుకు వంగి, ముందు కాళ్లు చూసి, “ఇగో” అన్నాడు. అంతే అన్నాడు. ఓంప్రకాశ్ ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టుకుని తినడం చూశాను.

ఇక వెనక కాళ్లు. “అవి చేతులతోని రావు” అన్నాడు సదానందం. “సర్జా ఎనక కాళ్లది వేరే కత. లేసి నడిచి సూపియ్యాలె.”

“నోటితోని చెప్పు బాపూ, నేను చేస్త.”

“నోటితోని చెప్తె అయ్యెటిదైతె నేనే కంప్యూటర్ చెయ్యకపోదునా?”

అప్పటికి ఆయన పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఊపిరి కూడా పైపైనే ఆడుతోంది. ఒక శుక్రవారం పొద్దున నన్ను పిలిచాడు. “అక్కా, నీ భుజం ఇటియ్యి.” ఒక చేయి నా భుజం మీద, ఒక చేయి గోడ మీద వేసి లేచాడు. ఓంప్రకాశ్ వెనక నిలబడి ఫోన్ పట్టుకున్నాడు. ఆయన కుడి కాలు ఎత్తి, మడమను లోపలికి తిప్పబోయాడు. కాలు నేలకు తగిలి ఈడ్చుకుపోయింది. రెండో కాలు లేవనే లేదు. నా భుజం మీద ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. ఇద్దరం కలిసి మంచం మీద కూర్చోబెట్టాం. చాలాసేపు రొప్పాడు.

“అది సర్జా నడక కాదు. నా నడక. తుడిచెయ్యి” అన్నాడు.

“ఉండనియ్యి బాపూ.”

“దాన్ని సూసి తప్పు చేస్తవ్. నా ముందర తుడిచెయ్యి. ఆదివారం బాగుంటె మల్ల సూపిస్త.”

ఓంప్రకాశ్ ఆయన చూస్తుండగానే ఆ వీడియో తీసేశాడు.

శనివారం డయాలసిస్ మిషన్ మీద ఉండగా బీపీ పడిపోయింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మధ్యాహ్నం మూడింటికి ఓంప్రకాశ్ ఫోన్ చేసి, “పెద్దవ్వా, బాపు పోయిండు” అన్నాడు. బోథ్ తీసుకుపోయి అక్కడే కార్యాలన్నీ చేశాడు.

పన్నెండో రోజు తిరిగి వచ్చి, పదమూడో రోజే సంచి సర్దుకుని బస్సెక్కాడు. రెండు రోజులకు మొహమంతా దుమ్ముతో దిగాడు. పెన్‌గంగ దాటి సర్జాను కొన్న రైతును వెతికి పట్టుకున్నాడట. ఆ రైతు చాయ్ పోసి, నిరుడు ఎండాకాలమే ఎద్దును వేరే అంగడిలో అమ్మేశాననీ, కొన్నది ఎవరో గుర్తులేదనీ చెప్పాడట.

“దాని ఎనక కాళ్లు ఎట్ల పడేటివో గుర్తున్నదా అని అడిగిన పెద్దవ్వా.”

“ఏమన్నడు?”

“దున్నెటందుకు కొన్న తమ్మీ, సూసెటందుకు కొనలే అన్నడు. నన్ను పిచ్చోన్ని సూసినట్టు సూసిండు.”

మోత్యా సంగతి నేనే అడిగాను. గోదావరి దిక్కు మనిషి ఫోన్ నంబర్ ఇప్పుడు పనిచేయడం లేదట.

ఆ సాయంత్రం అతని గదికి అన్నం పట్టుకుపోయాను. కంప్యూటర్‌లో రెండు ఎడ్లు నడుస్తున్నాయి. మోత్యా నాలుగు కాళ్లతో ఒరిగి నడుస్తోంది. సర్జా ముందు కాలు కిందికి తెస్తుంది, ఆగుతుంది, నేల దొరికాక బరువు పెడుతుంది. దాని వెనక కాళ్లు మాత్రం వంగకుండా, లేవకుండా, కట్టెల్లా వెంట జారుతున్నాయి. చూడటానికి కష్టంగా ఉంది.

“ఏదన్న ఒకటి పెట్టు బిడ్డా. ఇంత పనిమంతునివి. మోత్యావన్న తెచ్చి అతికియ్యి. మీ బాపు వచ్చి సూస్తడా?”

“ఏదన్న పెడితె అది ఏదో ఎద్దు ఐతది పెద్దవ్వా. మడమ లోపలికి తిరుగుతదని ఒక్కటి తెలిసింది. ఎంత తిరుగుతది, తిరిగినంక ఏమైతది, అది బాపుకే తెల్సు.”

అన్నం గిన్నె మీద మూత అలాగే ఉంది. అప్పుడు అడిగాడు, తెర మీద నుంచి చూపు తిప్పకుండానే.

“బాపు నా గురించి నీకేమన్న చెప్పిండా? నేను లేనప్పుడు?”

అతను ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. చెప్పడానికి ఒకటి ఉంది కూడా. ముందు కాళ్లు కుదిరిన రోజు, ఓంప్రకాశ్ కూరగాయలకు పోయినప్పుడు, నేను ఆగలేక సదానందాన్ని అడిగేశాను. ఇప్పుడన్నా కొడుకును మాఫ్ చేసినవా తమ్మీ అని. దానికి ఆయన చెప్పిన జవాబును కొంచెం మార్చి, కొంచెం తీపి చేసి ఇవ్వడం నాకేమంత పని కాదు. ఈ వాడలో ఎన్ని ఇళ్లల్లో అలా మార్చి చెప్పానో లెక్కలేదు. కానీ మూడును రెండు చేసి తండ్రికి చూపించిన పిల్లవాడు అతను. వెంట్రుకవాసి తేడా వచ్చినా కనిపెడతాడు.

“మాఫ్ చేసినవా అని అడిగిన బిడ్డా.”

“ఏమన్నడు?”

“‘నడక మొత్తం రానియ్యక్కా, అప్పుడు సూద్దాం’ అన్నడు.”

ఓంప్రకాశ్ తల ఊపాడు. గిన్నె మూత తీసి, అన్నం కలిపి, ఒక ముద్ద తిన్నాడు. తర్వాత ఎడమ చేత్తో ఏదో నొక్కి ఎడ్లను ఆపాడు. సర్జా ముందు కాలు నేలకు ఇంకా తగలక ముందే ఆగిపోయింది.